తుపాను రాడార్‌కి, గర్భిణుల స్కాన్‌కి ఒకటే పేరు.. ఎవరీ డాప్లర్? నక్షత్రాల రంగుపై ఆయన చెప్పింది తప్పని తేలినా ప్రపంచం ఎందుకు గుర్తుపెట్టుకుంది?

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు.. మచిలీపట్నం, విశాఖపట్నం డాప్లర్ రాడార్ల పేర్లు వార్తల్లో వినిపిస్తాయి. గర్భిణికి డాక్టర్ స్కానింగ్ రాస్తే చీటీ మీద డాప్లర్ అనే మాట కనిపిస్తుంది. క్రికెట్ మ్యాచ్‌లో ఫాస్ట్ బౌలర్ బంతి వేయగానే స్క్రీన్ మీద గంటకు 145 కిలోమీటర్లు అంటూ స్పీడ్ పడుతుంది కదా.. ఆ రాడార్ గన్ వెనక ఉన్నదీ ఈ పేరే.

డాప్లర్ అంటే ఏదో మెషిన్ పేరనో, కంపెనీ పేరనో చాలామంది అనుకుంటారు. కానీ అది ఒక మనిషి ఇంటిపేరు. ఆస్ట్రియాకు చెందిన లెక్కల ప్రొఫెసర్ క్రిస్టియన్ డాప్లర్‌ది.

ఆయన బతికింది 49 ఏళ్లే. రాడార్‌ని చూడలేదు. స్కానింగ్ మెషిన్ ఊహకు కూడా అందని కాలం అది. ఆయన ఆలోచన మొదలైంది నక్షత్రాల రంగుల దగ్గర. విచిత్రం ఏంటంటే, ఆ రంగుల గురించి ఆయన చెప్పింది తప్పు. దాని కోసం ఆయన కనిపెట్టిన సూత్రం మాత్రం నిజం. కాంతి విషయంలో ఆ నిజం రుజువయ్యేసరికి ఆయన ఈ లోకంలో లేరు.

రాతిపని చేయలేని కొడుకు

1803 నవంబర్ 29న సాల్జ్‌బర్గ్ నగరంలో పుట్టారు క్రిస్టియన్ డాప్లర్. సంగీత ప్రపంచానికి మొజార్ట్‌ని ఇచ్చిన ఊరు అది. డాప్లర్ పుట్టిన ఇల్లు, మొజార్ట్ కుటుంబం ఒకప్పుడు ఉన్న ఇల్లు ఒకే కూడలిలో ఉన్నాయి.

డాప్లర్‌లది తరతరాలుగా రాతిపని చేసే కుటుంబం. 1670ల నుంచి సాల్జ్‌బర్గ్‌లో వాళ్లదే ఆ వ్యాపారం. మామూలుగా అయితే తండ్రి తర్వాత కొడుకు కూడా ఉలి, సుత్తి పట్టాలి. కానీ ఈ పిల్లాడు చిన్నప్పటి నుంచీ బక్కపల్చగా ఉండేవాడు. ఒంట్లో బలం లేదు. రాళ్లతో పని ఇతని వల్ల కాదని ఇంట్లోవాళ్లకు అర్థమైపోయింది.

మరి ఏం చేయించాలి? తండ్రి ఆ ఊళ్లోనే పాఠాలు చెప్పే గణిత అధ్యాపకుడు సైమన్ స్టాంప్ఫర్ సలహా అడిగారు. కుర్రాడికి లెక్కలు బాగా వస్తున్నాయని గమనించిన స్టాంప్ఫర్, వియన్నాలోని పాలిటెక్నిక్ సంస్థకు పంపమన్నారు. అలా 1822లో డాప్లర్ వియన్నా చేరారు. అక్కడ చదివాక సాల్జ్‌బర్గ్ తిరిగొచ్చి మిగిలిన చదువు పూర్తి చేశారు. మళ్లీ వియన్నా వెళ్లి యూనివర్సిటీలో ఉన్నత గణితం, యంత్రశాస్త్రం, ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు.

1829లో ఒక గణిత ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. అది నాలుగేళ్ల ఉద్యోగం మాత్రమే. 1833లో గడువు అయిపోయింది. అప్పటికి ఆయన వయసు 30కి దగ్గరపడింది. చేతిలో పర్మినెంట్ జాబ్ లేదు.

సామాన్లు అమ్మేసి.. అమెరికా ప్రయాణానికి రెడీ

అప్పట్లో ఆస్ట్రియాలో టీచర్ పోస్టుకి కూడా పోటీ పరీక్షలే. డాప్లర్ ఒకదాని తర్వాత ఒకటి అప్లికేషన్లు పెడుతూనే ఉన్నారు. ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. పొట్టకూటి కోసం ఒక నూలు మిల్లులో లెక్కలు రాసే గుమస్తాగా చేరారు. ఏడాదిన్నర పాటు అదే పని.

చివరికి విసిగిపోయారు. ఈ దేశంలో తనకు అన్నం పెట్టే దారి లేదని తేల్చుకుని అమెరికా వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. ఉన్న కొద్దిపాటి సామాన్లు అమ్మేశారు. జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి అమెరికా దౌత్యాధికారిని కలిశారు. ఓడ ఎక్కడమే తరువాయి అన్న టైమ్‌లో ప్రాగ్ నగరం నుంచి కబురొచ్చింది. అక్కడి టెక్నికల్ సెకండరీ స్కూల్లో టీచర్ ఉద్యోగం ఖాయమైందని.

అది 1835. ఇప్పుడు చెక్ రిపబ్లిక్ రాజధాని అయిన ప్రాగ్ అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగం. డాప్లర్ అమెరికా ప్రయాణం మానుకుని అక్కడికి వెళ్లారు. మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్‌కే చెందిన కంసాలి కుటుంబం అమ్మాయి మథిల్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ఐదుగురు పిల్లలు. 1841 నాటికి ప్రాగ్ పాలిటెక్నిక్‌లో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యారు.

ఐదుగురి ముందు చదివిన పేపర్

1842 మే 25. ప్రాగ్‌లోని రాయల్ బొహీమియన్ సొసైటీ ఆఫ్ సైన్సెస్ సమావేశం. హాల్లో పెద్దగా జనం లేరు. ఐదుగురు సభ్యులు, మాటలు రాసుకునే ఒక లేఖకుడు.. అంతే. వాళ్ల ముందు 38 ఏళ్ల డాప్లర్ తన వ్యాసం చదివారు. జంట నక్షత్రాల రంగు కాంతి గురించిన వ్యాసం అది.

ఆకాశంలో కొన్ని నక్షత్రాలు జంటగా ఉంటాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. టెలిస్కోప్‌లో చూస్తే కొన్ని జంటల్లో ఒకటి పసుపుగా, ఇంకోటి నీలంగా కనిపిస్తుంది. హంస మండలంలో ఉండే ఆల్బిరియో చూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలకు ఇంత రంగు తేడా ఎందుకు? ఆ రోజుల్లో దీనికి సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు.

డాప్లర్ చెప్పిన జవాబు ఇది. నక్షత్రాలన్నీ అసలుకు తెల్లగానో, కొద్దిగా పసుపుగానో ఉంటాయి. జంటలో ఒకటి మనవైపు వస్తుంటే దాని కాంతి నీలం, ఊదా వైపు జరుగుతుంది. ఇంకోటి మనకు దూరంగా వెళ్తుంటే దాని కాంతి నారింజ, ఎరుపు వైపు జరుగుతుంది. అంటే రంగు తేడాకు కారణం కదలికే.

ఇది అర్థం కావడానికి ఆయన ఓడ ఉదాహరణ చెప్పారు. సముద్రంలో అలలు ఒక లెక్క ప్రకారం వస్తుంటాయి. ఓడ నిలబడి ఉంటే నిమిషానికి ఇన్ని అలలు తగులుతాయి. అదే ఓడ అలలకు ఎదురెళ్తే అంతకంటే ఎక్కువ తగులుతాయి. అలలతో పాటు అదే దిక్కులో వెళ్తే తక్కువ తగులుతాయి. సముద్రం మారలేదు, అలలూ మారలేదు. మారింది ఓడ కదలిక. కాంతి, శబ్దం కూడా తరంగాలే కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుందన్నది డాప్లర్ వాదన.

సింపుల్‌గా చెప్పాలంటే.. అంబులెన్స్ మనవైపు దూసుకొస్తుంటే సైరన్ సన్నగా, హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే ఒక్కసారిగా శ్రుతి దిగిపోతుంది. డ్రైవర్ సైరన్ మార్చలేదు. బండి దగ్గరికొచ్చేటప్పుడు శబ్ద తరంగాలు దగ్గర దగ్గరగా మన చెవికి చేరాయి. దూరంగా వెళ్లేటప్పుడు ఎడంగా చేరాయి. అంతే తేడా.

కాంతిలో అయితే తరంగాల మధ్య దూరమే రంగు. తరంగాలు దగ్గరగా ఉంటే నీలం, ఊదా. ఎడంగా ఉంటే ఎరుపు. అందుకే దగ్గరికొచ్చే వస్తువు కాంతి నీలం వైపు, దూరంగా పోయే వస్తువు కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. నేటి శాస్త్రవేత్తలు బ్లూ షిఫ్ట్, రెడ్ షిఫ్ట్ అనేది దీన్నే.

ఆ వ్యాసం చివర డాప్లర్ ఇంకో మాట కూడా రాశారు. కొలవడానికి ఏ దారీ లేదనుకున్న దూరపు నక్షత్రాల కదలికలను కొలవడానికి ఈ పద్ధతి త్వరలోనే ఖగోళ శాస్త్రవేత్తలకు పనికొస్తుందని ఆయన నమ్మకం. ఆ రోజు హాల్లో ఉన్న ఐదుగురిలో ప్రసిద్ధ గణితవేత్త బెర్నార్డ్ బోల్జానో ఒకరు. ఆయన డాప్లర్ ఆలోచనను మెచ్చుకున్నారు, ఆ తర్వాత కూడా అండగా నిలిచారు. మిగతా ప్రపంచం మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

మరి తప్పు ఎక్కడ జరిగింది?

సూత్రం సరైనదే. తేడా కొట్టింది ఉదాహరణ దగ్గర. దీనికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది వేగం. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. రంగు కంటికి కనిపించేంతగా మారాలంటే వస్తువు కూడా అందులో చెప్పుకోదగ్గ వేగంతో కదలాలి. ఉదాహరణకు ట్రాఫిక్ సిగ్నల్ రెడ్ లైట్ మీకు గ్రీన్‌గా కనిపించాలంటే మీ బండి సెకనుకు దాదాపు 60 వేల కిలోమీటర్ల స్పీడులో ఉండాలి! మన చుట్టుపక్కల నక్షత్రాలేమో సాధారణంగా సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతోనే కదులుతాయి. సెకనుకు 30 కిలోమీటర్ల వేగం ఉంటే కాంతి తరంగం మారేది పదివేలలో ఒక వంతు. అంత చిన్న తేడాను ఏ కన్నూ పట్టలేదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. నక్షత్రం మనకు కనిపించే రంగులనే కాదు, కనిపించని కిరణాలనూ వెదజల్లుతుంది. ఎరుపుకు అవతల పరారుణం, ఊదాకు అవతల అతినీలలోహితం ఉంటాయి. నక్షత్రం దూరంగా వెళ్తే ఎరుపు కొంత జరిగి కనిపించకుండా పోతుంది, నిజమే. కానీ అటు చివర అతినీలలోహితం జరిగి ఊదాలోకి వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. కాబట్టి మొత్తం మీద చుక్క రంగు దాదాపు అలాగే ఉంటుంది.

నక్షత్రాల రంగుకు అసలు కారణం వేడి. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, ఇంకా కాలితే పసుపు, ఆపై తెలుపు అయినట్టే. మనం ఆరుద్ర అని పిలిచే నక్షత్రం ఎర్రగా ఉండేది దాని ఉపరితలం మిగతావాటితో పోలిస్తే చల్లగా ఉండటం వల్లే. అదే ఓరియన్ మండలంలో ఉన్న రైజెల్ నీలి తెలుపులో మెరిసేది బాగా వేడిగా ఉండటం వల్ల. ఈ సంగతి డాప్లర్ కాలానికి ఇంకా తేలలేదు.

రైలెక్కిన బాకాలు

డాప్లర్ సిద్ధాంతాన్ని నమ్మని వాళ్లలో ఒకరు నెదర్లాండ్స్ యువ శాస్త్రవేత్త బైస్ బాలోట్. ఆయన వయసు అప్పుడు 27. నక్షత్రాల సంగతి తర్వాత, ముందు శబ్దంతో పరీక్షిద్దాం అనుకున్నారు. కానీ 1840లలో వేగంగా వెళ్లే బండి ఏముంది? ఒకే ఒక్కటి.. కొత్తగా వచ్చిన రైలు.

1845 ఫిబ్రవరిలో యూట్రెక్ట్ దగ్గర రైల్వే లైన్ మీద ప్రయోగం మొదలుపెట్టారు. మంచు, చలి దెబ్బకు అది ఆగిపోయింది. మళ్లీ జూన్ మొదటి వారంలో ప్రయత్నించారు. రైలు మీద బాకా ఊదేవాళ్లను నిలబెట్టారు. వాళ్ల పని ఒకే స్వరం పట్టి ఊదడం. పట్టాల పక్కన శ్రుతి తేడాను ఇట్టే పసిగట్టే సంగీతకారులను ఉంచారు. ఎలక్ట్రానిక్ మీటర్లు లేని ఆ రోజుల్లో వాళ్ల చెవులే కొలత పరికరాలు.

రైలు దగ్గరికొస్తున్నప్పుడు స్వరం పెరిగింది. దాటిపోయాక తగ్గింది. డాప్లర్ లెక్క శబ్దం విషయంలో కరెక్ట్ అని తేలిపోయింది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు కూత, ఆగి ఉన్న రైలు కూత కంటే దాదాపు ఆరు శాతం హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. అంటే హార్మోనియంలో ఒక మెట్టు నుంచి దాని పక్క మెట్టుకు ఉన్నంత తేడా. సంగీతం తెలిసిన చెవికి అది చాలు.

అయితే బైస్ బాలోట్ అక్కడితో ఆగలేదు. శబ్దానికి సరే, నక్షత్రాల రంగులకు మాత్రం ఈ వివరణ చెల్లదని రాశారు. కనిపించని కిరణాలు జరిగొచ్చి ఖాళీని నింపేస్తాయన్న పాయింట్ లేవనెత్తింది ఆయనే. ఆ విమర్శ న్యాయమైనదే. డాప్లర్ మాత్రం తన మాట మీదే నిలబడ్డారు. 1846లో మరో వ్యాసం రాసి, కాంతిని ఇచ్చేది, చూసేవారు ఇద్దరూ కదులుతున్నప్పుడు లెక్క ఎలా ఉంటుందో కూడా చూపించారు.

1848లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫిజో కూడా విడిగా ఇదే ఆలోచనకు వచ్చారు. పైగా ఆయన చుక్క రంగును కాదు, దాని కాంతిలో కనిపించే సన్నని గీతల స్థానాన్ని చూడాలని సరైన దారి చూపించారు. కానీ ఆ ప్రసంగం అప్పట్లో చాలామందికి చేరనేలేదు. ఇప్పటికీ ఫ్రాన్స్‌లో దీన్ని డాప్లర్ ఫిజో ఎఫెక్ట్ అంటారు.

ఒకవైపు పరీక్షల భారం.. మరోవైపు జబ్బు

ప్రాగ్‌లో డాప్లర్ జీవితం అంత సుఖంగా ఏమీ సాగలేదు. క్లాసుల్లో వందల మంది స్టూడెంట్లు. అందరికీ రాతపరీక్షలు, మౌఖిక పరీక్షలు ఆయనే పెట్టాలి. కిక్కిరిసిన గదుల్లో రోజుల తరబడి ఆ పనే. మార్కుల విషయంలో మరీ కఠినంగా ఉంటున్నారని 1844లో స్టూడెంట్లు ఫిర్యాదు చేశారు. దాని మీద పై అధికారుల నుంచి మాట పడాల్సి వచ్చింది.

అసలే అంతంతమాత్రం ఆరోగ్యం. అదే ఏడాది సెలవు పెట్టి వెళ్లిపోయారు. తిరిగి డ్యూటీలో చేరింది 1846లో. ఊపిరితిత్తులను పట్టిన జబ్బు ఆయన్ని ఇక జీవితాంతం వదల్లేదు.

1847లో ప్రాగ్ వదిలేసి షెమ్నిట్జ్ అనే ఊళ్లో గనులు, అడవుల అకాడమీకి ప్రొఫెసర్‌గా వెళ్లారు. ఇప్పుడు ఆ ఊరు స్లొవేకియాలో ఉంది. కుదురుకుందామనుకునేలోపు 1848లో యూరప్ అంతా తిరుగుబాట్లు అంటుకున్నాయి. హంగరీలో యుద్ధ వాతావరణం. దాంతో కుటుంబంతో సహా వియన్నా చేరుకున్నారు.

అక్కడ మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఒకప్పుడు తనకు చదువు దారి చూపిన స్టాంప్ఫర్ ఖాళీ చేసిన కుర్చీలోనే పాలిటెక్నిక్ ప్రొఫెసర్ అయ్యారు. 1850 జనవరిలో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఉత్తర్వులతో వియన్నా యూనివర్సిటీలో కొత్తగా పెట్టిన ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ అయ్యారు. ఒకప్పుడు నూలు మిల్లులో పద్దులు రాసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆ క్లాసులో కూర్చున్న స్టూడెంట్లలో ఒకరి పేరు ఇప్పుడు ప్రతి స్కూల్ పిల్లాడికీ తెలుసు. బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్. 1851లో వియన్నా వచ్చిన ఆయన డాప్లర్ దగ్గర ప్రయోగాత్మక ఫిజిక్స్ పాఠాలు విన్నారు.

వియన్నా అకాడమీలో ఎదురుదాడి

డైరెక్టర్ పదవి వచ్చాక రెండేళ్లకే పెద్ద గొడవ మొదలైంది. ఎదురు నిలిచింది మామూలు మనిషి కాదు. జోసెఫ్ పెట్జ్‌వాల్. అదే యూనివర్సిటీలో గణిత ప్రొఫెసర్. ఫొటో స్టూడియోల రూపురేఖలు మార్చేసిన పోర్ట్రెయిట్ లెన్స్ డిజైన్ చేసింది ఆయనే. అప్పటి వియన్నాలో ఆయన మాటకు చాలా బరువుంది.

1852లో ఇంపీరియల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశాల్లో పెట్జ్‌వాల్ డాప్లర్ సిద్ధాంతాన్ని బహిరంగంగా తోసిపుచ్చారు. ఆయన అభ్యంతరం రెండు రకాలు. ఇంత చిన్న సమీకరణంతో ప్రకృతి రహస్యం తేలిపోతుందంటే నమ్మలేమన్నది ఒకటి. గాలి వీస్తున్నా కచేరీ శ్రుతి మారదు కదా, కాబట్టి కదలిక వల్ల తరంగం మారడం జరగదన్నది రెండోది.

గాలి గురించి ఆయన చెప్పింది నిజమే. పాడేవారు, వినేవారు ఇద్దరూ కదలకుండా ఉంటే గాలి వీచినా శ్రుతి మారదు. కానీ డాప్లర్ మాట్లాడింది పాడేవారో, వినేవారో కదిలినప్పటి సంగతి. రెండూ వేర్వేరు విషయాలు. ఆ తేడా అప్పుడు చాలామందికి తట్టలేదు.

డాప్లర్ లేచి సమాధానం చెప్పుకున్నారు. సహచర ప్రొఫెసర్ ఎట్టింగ్స్‌హౌసెన్ ఆయన పక్షాన నిలిచారు. డచ్ రైలు ప్రయోగం అప్పటికే జరిగి ఏడేళ్లయింది. అయినా సభలో మొగ్గు పెట్జ్‌వాల్ వైపే కనిపించింది. తన పేరు నిలబెట్టాల్సిన ఒకే ఒక్క ఆలోచన సొంత ఊళ్లో, సొంత అకాడమీలోనే చెల్లని నాణెం అయిపోయింది. అప్పటికే ఆరోగ్యం చేయిదాటుతోంది.

వెనిస్‌లో ముగిసిన కథ

1852 నవంబర్‌లో డాప్లర్ సెలవు పెట్టి వెనిస్ వెళ్లారు. అప్పట్లో వెనిస్ కూడా ఆస్ట్రియా పాలనలోనే ఉండేది. వియన్నా చలి కంటే అక్కడి వాతావరణం ఊపిరితిత్తులకు మేలు చేస్తుందన్న ఆశ. కానీ క్షయ లొంగలేదు. ఆ రోజుల్లో దానికి మందే లేదు. సంగతి విషమిస్తోందని తెలిసి భార్య మథిల్డ్ వెనిస్ చేరుకున్నారు.

1853 మార్చి 17న డాప్లర్ కన్నుమూశారు. వెనిస్‌లోని శాన్ మిషెల్ అనే దీవి శ్మశానంలో ఆయన్ని ఖననం చేశారు.

ఆయన చనిపోయే నాటికి పరిస్థితి ఇదీ. శబ్దం విషయంలో సూత్రం రుజువైంది. కాంతి విషయంలో రుజువు లేదు. నక్షత్రాల రంగుల వివరణను విమర్శకులు కొట్టిపారేశారు. సొంత అకాడమీలో పెద్ద తలకాయ తప్పన్నారు. ఐదుగురు పిల్లలున్న ఇంటికి ఆయన వదిలివెళ్లిన ఆస్తి కూడా చెప్పుకోదగ్గదేమీ కాదు.

రంగు మారలేదు.. గీతలు జరిగాయి!

ఏడేళ్ల తర్వాత వియన్నాలోనే ఒక కుర్ర శాస్త్రవేత్త ఈ తగువు తీర్చారు. ఆయనే ఎర్నెస్ట్ మాక్. విమానాల వేగానికి వాడే మాక్ నంబర్ ఈయన పేరు మీదే. పొడవాటి కడ్డీ చివర ఈల బిగించి గిరగిరా తిప్పారు. ఈల దగ్గరికొచ్చి దూరంగా వెళ్తుండగా వింటే శ్రుతి పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఇరుసు దగ్గర నిలబడి వింటే మార్పు లేదు. పెట్జ్‌వాల్, డాప్లర్ చెప్పినవి రెండు వేర్వేరు సందర్భాలని, డాప్లర్ సూత్రంలో తప్పు లేదని అలా తేలింది.

సరిగ్గా అదే సమయంలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఇంకో తలుపు తెరిచారు. కాంతిని పట్టకంతో విడదీస్తే వచ్చే రంగుల పట్టీలో సన్నని గీతలు ఉంటాయి. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు. సోడియానికి ఒకచోట, హైడ్రోజన్‌కి ఇంకోచోట. మనిషికి వేలిముద్రల్లాంటివి ఇవి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం రోజు ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో నిలబడి సూర్యుడి అంచున చూసింది ఇలాంటి గీతలనే. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే ఆ తర్వాత హీలియం వాయువు బయటపడటానికి దారి తీసింది.

డాప్లర్‌కు అందని పనిముట్టు ఇదే. మొత్తం రంగు మారిందా అని చూస్తే ఏమీ తెలియదు. కానీ ఒక గీత ఎక్కడ ఉండాలో ముందే తెలుసు కాబట్టి, అది వెంట్రుకవాసి జరిగినా పట్టేయొచ్చు. ఎరుపు వైపు జరిగితే నక్షత్రం దూరమవుతోంది. నీలం వైపు జరిగితే దగ్గరికొస్తోంది. ఎంత జరిగిందో కొలిస్తే వేగం ఎంతో లెక్క తేలిపోతుంది.

అదే 1868లో లండన్‌లో విలియం హగ్గిన్స్ సిరియస్ నక్షత్రం గీతలను ఈ పద్ధతిలో కొలిచారు. కంటితో చూసి కొలవడంతో ఆయన లెక్క సరిగా రాలేదు కానీ దారి పడింది. 1871లో జర్మనీకి చెందిన వోగెల్ సూర్యుడిని చూశారు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి ఒక అంచు మనవైపు వస్తుంటుంది, ఇంకో అంచు దూరంగా పోతుంటుంది. రెండు అంచుల్లో గీతలు ఎదురెదురు వైపులకు జరిగి కనిపించాయి. డాప్లర్ పోయిన 18 ఏళ్లకు కాంతి కూడా ఆయన వైపే సాక్ష్యం చెప్పింది.

అసలు ముచ్చట 1889లో జరిగింది. ఆల్గాల్ అనే నక్షత్రం దాదాపు 2 రోజుల 21 గంటలకోసారి మసకబారుతుంది. కంటికి కనిపించని తోడు ఏదో అడ్డొస్తోందన్న అనుమానం వందేళ్ల నుంచీ ఉంది. వోగెల్ దాని గీతలు ఫొటో తీసి చూస్తే.. మసకబారక ముందు ఎరుపు వైపు, ఆ తర్వాత నీలం వైపు జరుగుతున్నాయి. అంటే అది నిజంగానే ఇంకో నక్షత్రంతో కలిసి తిరుగుతోంది! అదే ఏడాది అమెరికాలో పికరింగ్ కూడా గీతల ఆధారంగానే మరో జంటను బయటపెట్టారు. డాప్లర్ ఏ జంట నక్షత్రాల రంగులు చూసి పొరబడ్డారో, ఆయన సూత్రమే చివరికి టెలిస్కోప్‌కి దొరకని జంట నక్షత్రాలను పట్టించింది.

అక్కడి నుంచి ఇక్కడిదాకా..

1912లో అమెరికా శాస్త్రవేత్త స్లైఫర్ ఇదే పద్ధతితో ఆండ్రోమెడా గెలాక్సీ సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోందని కనిపెట్టారు. మిగతా గెలాక్సీల్లో చాలావాటి గీతలు ఎరుపు వైపే జరిగి ఉన్నాయి. 1929లో హబుల్ వాటి దూరాలతో కలిపి చూసి, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతున్నాయని చూపించారు. నిజానికి దూరపు గెలాక్సీల రెడ్ షిఫ్ట్‌కు కారణం అంతరిక్షమే సాగుతూ ఉండటం. అయినా గీత ఎంత జరిగిందో చదివే ఆ పద్ధతి పాతదే.

ఇక భూమ్మీద సంగతి. వాతావరణ రాడార్ పంపిన తరంగాలు వాన చినుకులకు తగిలి వెనక్కి వస్తాయి. ఆ తరంగంలో వచ్చిన మార్పును బట్టి చినుకులను మోసుకొస్తున్న గాలి మనవైపు వస్తోందా, ఎంత వేగంతో వస్తోందా తెలుస్తుంది. మామూలు రాడార్ మేఘం ఎక్కడుందో చెబుతుంది. డాప్లర్ రాడార్ దాని లోపల గాలి వేగం కూడా చెబుతుంది. తుపాను టైమ్‌లో తీరంలోని ఊళ్లను ఎప్పుడు ఖాళీ చేయించాలో తేల్చడానికి ఇది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

డాప్లర్ స్కాన్‌లోనూ అంతే. అల్ట్రాసౌండ్ తరంగం రక్తకణాలకు తగిలి తిరిగొస్తుంది. బొడ్డుతాడులో రక్తం సరిగా పారుతోందా, కడుపులో బిడ్డకు చేరాల్సింది చేరుతోందా అన్నది ఆ మార్పును చూసే డాక్టర్లు చెబుతారు. స్క్రీన్ మీద ఎరుపు, నీలం కనిపిస్తాయి కదా.. అవి రక్తం అసలు రంగులు కావు. సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయే రక్తానికి నీలం వేసి కంప్యూటర్ చూపిస్తుంది. గమనించారా? నక్షత్రాల లెక్కకు ఇది రివర్స్!

1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మేయర్, క్వెలోజ్ ఇంకో అడుగు వేశారు. సూర్యుడి లాంటి 51 పెగాసి అనే నక్షత్రం గీతలు నాలుగు రోజులకోసారి కొద్దిగా అటూ ఇటూ ఊగుతున్నాయని గుర్తించారు. దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతూ నక్షత్రాన్ని లాగుతోందని తేలింది. 2019లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడున్న పరికరాలు నక్షత్రం వేగంలో సెకనుకు ఒక మీటరు తేడాను కూడా పట్టేస్తున్నాయి. అంటే మనిషి మెల్లగా నడిచే వేగం అన్నమాట. దూరపు నక్షత్రాల కదలికలను త్వరలోనే కొలవగలమని 1842లో ఐదుగురి ముందు డాప్లర్ చదివిన ఆ ఆఖరి మాట ఇప్పుడు ఖగోళ శాస్త్రవేత్తల రోజువారీ పని.